మాక్బెత్ పాపాన్ని మంత్రగత్తెలకు అంటగట్టకండి

పోయిన వార్షికోత్సవానికి మా తరగతి వాళ్ళం షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ నాటకంలోంచి కొన్ని రంగాలు తెలుగులో వేశాం. మంత్రగత్తెల వేషం ఎలా ఉండాలి అని పెద్దగా ఆలోచించలేదు. తెల్ల చీర, విరబోసిన జుట్టు, చేతిలో కర్ర, బొట్టు లేని నుదురు. అంటే అచ్చం ఒక ముసలి విధవరాలు. ముగ్గురం స్టేజీ మీదకి రాగానే అందరూ పడీపడీ నవ్వారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకదాన్ని. మా అమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చాక చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒంటరిగా ఒక ముసలావిడ ఉండేదట. జ్వరమొచ్చి ఇద్దరు పిల్లలు పోతే, ఆవిడే చిల్లంగి పెట్టిందని ఊరంతా అన్నారట. ఒకరోజు పొద్దున చూస్తే ఇంటి తలుపు తీసే ఉంది, ఆవిడ లేదు. ఎక్కడికి వెళ్ళిందో ఎవరూ అడగలేదట. “నువ్వు వేసిన వేషం ఆవిడదేనే తల్లీ” అంది అమ్మమ్మ.

ఆ తర్వాత నేను ఆ కథ మళ్ళీ చదివాను. “మాక్బెత్ పతనానికి కారణం మంత్రగత్తెలు” అని మేమందరం నోట్సులో రాసుకున్నాం. అలా రాస్తే మార్కులు కూడా వస్తాయి. కానీ అది తప్పు అని నేనంటాను.

కథ చూడండి. యుద్ధం గెలిచి వస్తున్న మాక్బెత్‌తో మంత్రగత్తెలు “నువ్వు రాజువవుతావు” అంటారు. అంతే. “డంకన్ రాజుని చంపు” అని వాళ్ళు ఎక్కడైనా అన్నారా? లేదు. చంపాలన్న ఆలోచన మాక్బెత్‌కే వచ్చింది. భార్య ఎగదోసింది, కత్తి అతనే పట్టాడు. పక్కనే ఉన్న బాంకోకి కూడా వాళ్ళు జోస్యం చెప్పారు, అతని వంశంలో రాజులు పుడతారని. అతను ఎవర్నీ చంపలేదే! అదే చోట, అదే నోట విన్న ఇద్దరిలో ఒకడే హంతకుడయ్యాడంటే, తప్పు చెప్పినవాళ్ళదా, విన్నవాడిదా? తర్వాత బాంకోని, మాక్డఫ్ భార్యాపిల్లల్ని చంపించింది కూడా అతనే కదా.

మరి ఇంత స్పష్టంగా ఉంటే నింద మంత్రగత్తెల మీదకి ఎందుకు పోతోంది? ఎందుకంటే ఆ కాలం నమ్మకం నాటకంలోకి వచ్చి కూర్చుంది. ఈ నాటకం సుమారు 1606 నాటిది. అప్పటి రాజు మొదటి జేమ్స్. షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడు ఆయనే. ఆయన స్కాట్లాండులో ఉండగా, 1590లో డెన్మార్కు నుంచి కొత్త పెళ్ళికూతురితో ఓడలో తిరిగొస్తుంటే తుపానులు వచ్చాయి. వాటిని మంత్రగత్తెలే లేపారని కేసు పెట్టారు. ఆగ్నెస్ శాంప్సన్ అనే ఆవిడ జనానికి వైద్యం చేసేది. ఆవిడని పట్టుకొచ్చి చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. రాజు స్వయంగా ప్రశ్నలు వేశాడు. 1591లో ఆవిడని గొంతు నులిమి చంపి, కాల్చేశారు. 1597లో రాజు మంత్రవిద్య మీద ఒక పుస్తకమే రాశాడు. 1604లో ఇంగ్లండులో చట్టం ఇంకా కఠినమైంది.

ఆ కేసులో ఆడవాళ్ళు జల్లెడల్లో కూర్చుని సముద్రం మీద వెళ్ళారని చెప్పించారు. నాటకంలో కూడా ఒక మంత్రగత్తె జల్లెడెక్కి వెళ్ళి ఒక నావికుణ్ణి తుపానుతో ఏడిపిస్తానంటుంది. అంటే స్టేజీ మీద ఆట అయినది, బయట ఒక మనిషి ప్రాణం తీసింది. పాత చరిత్ర గ్రంథంలో బాంకో కూడా హత్యలో తోడుదొంగే. కానీ జేమ్స్ తాను బాంకో వంశం వాణ్ణని చెప్పుకునేవాడు. అందుకే కాబోలు, నాటకంలో బాంకో మంచివాడైపోయాడు. రాజుగారి పూర్వీకుడికి దొరికిన ఆ మర్యాద, ఆ ముసలివాళ్ళకి మాత్రం దొరకలేదు. వాళ్ళ తరఫున మాట్లాడే రాజు లేడు మరి.

“ఆ కాలంలో అందరూ అలాగే నమ్మేవాళ్ళు, తప్పు పట్టకూడదు” అని నా స్నేహితులు అంటున్నారు. అందరూ అనే మాట నిజం కాదు. 1584లోనే రెజినాల్డ్ స్కాట్ అనే ఇంగ్లీషాయన, మంత్రగత్తెలకి అలాంటి శక్తులేవీ లేవని పెద్ద పుస్తకం రాశాడు. జేమ్స్ రాజు తన పుస్తకంలో ఆయన్నే తిట్టాడు. కాబట్టి ఆ కాలంలో కూడా రెండు మాటలున్నాయి. గెలిచింది బలమున్నవాడి మాట.

“నాటకమే కదా, అంత పట్టించుకోవాలా?” అనేవాళ్ళకి కూడా ఒక మాట. మనం ఉంటున్న ఒడిశాలో 2013లో మంత్రగత్తెలనే పేరుతో మనుషుల్ని హింసించకుండా ఒక చట్టం చేశారు. అవసరం లేకపోతే చట్టం ఎందుకు చేస్తారు? మనం చిల్లంగి అంటాం, ఇక్కడివాళ్ళు డాహాణి అంటారు. ఏ భాషలో అన్నా రాయి పడేది దిక్కులేని ఆడదాని మీదే. స్కాట్లాండులో ఇలా నింద పడినవాళ్ళు దాదాపు 3,800 మంది, ఎక్కువమంది ఆడవాళ్ళే. 2022లో అక్కడి ప్రభుత్వాధినేత వాళ్ళకి క్షమాపణ చెప్పింది. నాలుగు వందల ఏళ్ళు పట్టింది!

నాటకం మానేయమని నేను అనను. అది గొప్ప నాటకం. ఆశ మనిషిని ఎలా తినేస్తుందో అందులో ఉన్నట్టు నేను ఇంకెక్కడా చదవలేదు. కానీ పాఠం చెప్పేటప్పుడు ఆగ్నెస్ శాంప్సన్ కథ కూడా చెప్పండి. పరీక్షలో “పతనానికి కారణం ఎవరు?” అని అడిగితే, మాక్బెత్ అనే రాయనివ్వండి. వచ్చే ఏడాది మళ్ళీ వేస్తే, మంత్రగత్తెలకి విధవరాలి వేషం వెయ్యొద్దు. పొగ పెట్టండి, ముసుగులు పెట్టండి, ఏదైనా చెయ్యండి. ఆ తెల్ల చీర కట్టుకుని నేను మాత్రం ఇంక స్టేజీ ఎక్కను.

– పదవ తరగతి విద్యార్థిని