గుండె నయమైంది, బాధ్యత తీరలేదు

మిన్నీ బేలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది ఆ పాప. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చిన మాల కుటుంబం. పుట్టగానే ఒళ్లు నీలంగా మారింది. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై ఉన్నాయన్నారు. చెన్నై తీసుకెళ్తే పన్నెండో రోజున ఆపరేషన్ చేశారు. బతికింది. ఇప్పుడు రెండో తరగతి. బోర్డు మీది అక్షరాలు చూసి రాయడం కష్టం, రెండు పనులు చెబితే ఒకటి మరిచిపోతుంది. "ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరు, వీళ్లింతే" అని టీచరు తేల్చేసింది. తల్లి నన్ను అడిగింది: "గుండె బాగైపోనాదని డాక్టరు సెప్పినాడు గదా తమ్ముడూ, మరి సదువెందుకు రాదేటి?"

ఈ ప్రశ్నను వైద్యులు ముప్పై ఏళ్ల కిందటే వేసుకున్నారు. 1988-92 మధ్య బోస్టన్‌లో, ఇదే లోపంతో పుట్టి ఇదే ఆపరేషన్ చేయించుకున్న 171 మంది పసికందులను ఒక అధ్యయనంలో చేర్చుకుని, పదహారేళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చారు. ఎనిమిదేళ్లకు వాళ్ల సగటు ఐక్యూ మామూలు పిల్లలకు దగ్గరగానే ఉంది. అయినా మూడో వంతుకు పైగా పిల్లలకు చదువులో ప్రత్యేక సాయం అవసరమైంది. పదిమందిలో ఒకరు ఒక తరగతి రెండోసారి చదివారు. పదహారేళ్లు వచ్చేసరికి అలాంటి సాయం పొందినవారు దాదాపు మూడింట రెండు వంతులు. ధ్యాస, చూసింది చూసినట్టు గీయడం, పనిని వరుసలో పెట్టుకోవడం వీళ్లకు కష్టమవుతాయి.

కారణాలు ఆపరేషన్‌కు ముందే మొదలవుతాయి. గుండె సరిగా రూపుదిద్దుకోకపోతే కడుపులోనే మెదడుకు చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. నెలలు నిండి పుట్టినా ఆ మెదడు ఒక నెల ముందు పుట్టిన బిడ్డ మెదడులా ఉండవచ్చు. ఆపైన గుండెను ఆపి యంత్రం మీద నడిచిన గంటలు, ఐసీయూలో గడిచిన రోజులు. కుటుంబ ఆర్థిక, సామాజిక స్థితి కూడా ఫలితాన్ని బలంగా ప్రభావితం చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. మా పాపకు ఉన్నది ఇదేనని నేను చెప్పలేను. పరీక్ష చేసి చెప్పాలి. ఆ పరీక్ష జరగకముందే తీర్పు మాత్రం వచ్చేసింది, అదీ కులం పేరు పలకకుండానే.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే ఇలాంటి పిల్లలను ఏడాది-రెండేళ్ల మధ్య, మూడు-ఐదేళ్ల మధ్య, మళ్లీ పదకొండు-పన్నెండేళ్లకు పరీక్షించాలని సూచించింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలంటుంది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులూ, ఎదుగుదలలో జాప్యమూ రెండూ దాని జాబితాలో ఉన్నాయి. కానీ డిశ్చార్జి కాగితం మీద గుండె డాక్టరును కలవాల్సిన తేదీ తప్ప మరేమీ లేదు. అదీ ఇంగ్లీషులో. చెన్నై ఇక్కడికి 1,300 కిలోమీటర్లకు పైగా, ఓడలో మూడు రోజులు. రోజుకూలీ తల్లి ఎన్నిసార్లు వెళ్లగలదు?

ఇంకో సంగతి. అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డ్ కులాల జాబితానే లేదు. ఆంధ్రలో ఎస్సీ అయినవాళ్లు సముద్రం దాటాక కాగితం మీద ఎస్సీలు కారు. వలస వెళ్లినవారి వెంట ఆ హోదా రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఇక్కడ ఎందరు దళిత పిల్లలు ఆపరేషన్ తర్వాత చదువులో వెనకబడుతున్నారో ఏ లెక్కలోనూ తేలదు. తరగతి గదిలో ఉన్న కులం రికార్డులో లేదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, తల్లికి విశ్రాంతి ఇవ్వడం జాతి ప్రయోజనమని, ఆ భారం ప్రధానంగా ప్రభుత్వమే మోయాలని వాదించారు. అదే తర్కం ఇక్కడా వర్తిస్తుంది. ఆపరేషన్ అయిన ప్రతి బిడ్డకూ ఎదుగుదల పరీక్షల తేదీలు తల్లి చదవగలిగే భాషలో ఇవ్వాలి. ఆ పరీక్షలు ద్వీపంలోనే జరగాలి. తల్లి పోగొట్టుకున్న కూలి ప్రభుత్వం ఇవ్వాలి. పిల్లల వైద్య చరిత్ర ఏం చెబుతుందో టీచర్లకు నేర్పాలి. మనస్తత్వశాస్త్రం, విద్య, ప్రజారోగ్యం చదువుతున్న మన విద్యార్థులు పరిశోధనకు అంశం వెతుక్కుంటుంటే, ఇది మీ ముందే ఉంది.

ఆ అక్కకు నేనింకా పూర్తి జవాబు చెప్పలేదు. "పాప మొద్దు కాదక్కా, పరీక్ష చేయించాలి" అన్నాను. "ఎక్కడ?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు.