ఉపదేశికి పత్రం వస్తోంది, ఓటు ఎప్పుడు?

క్యాథలిక్ సంఘంలో కొన్నేళ్ళుగా ‘గృహస్థుల పరిచర్య’ అన్న మాట గట్టిగా వినిపిస్తోంది. దివ్యబలిపూజలో గ్రంథపఠనం చేసే, పీఠం దగ్గర సేవ చేసే అధికారిక పరిచర్యలను పోప్ ఫ్రాన్సిస్ 2021 జనవరిలో మహిళలకూ తెరిచారు. అదే ఏడాది మే నెలలో ఉపదేశి పనిని ఒక శాశ్వత పరిచర్యగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 2024 అక్టోబరులో ముగిసిన సినడ్, విచారణలను ఫాదర్లు ఒక్కళ్ళే నడపకూడదని, గృహస్థులకూ నిర్ణయాల్లో భాగం ఉండాలని తేల్చింది. ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. లియో పోప్ వచ్చాక కూడా ఆ తీర్మానాల అమలు ఆగలేదు.

యూరప్‌లో ఇది కొత్త సంగతి కావచ్చు. తెలుగు పల్లెల్లో గృహస్థుల పరిచర్య ఎప్పుడు లేదు గనక!

మన దగ్గర ఒక విచారణ కింద చాలా ఊళ్ళు ఉంటాయి. ఫాదర్ గారు ఒక్కో ఊరికి వంతులవారీగా వస్తారు. ఆయన రాని ఆదివారాలు ప్రార్థన నడిపేది ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పేది, జ్ఞానస్నానానికి సిద్ధం చేసేది, చావు ఇంటికి ముందుగా వెళ్ళేది, సమాధి దగ్గర ప్రార్థన చెప్పేది కూడా ఉపదేశే. మండలాఫీసులో అర్జీ రాయాలన్నా, పోలీస్ స్టేషన్ గడప తొక్కాలన్నా దళితవాడ మొదట పిలిచేది ఆయన్నే. ఈ పని చేసినవాళ్ళు చాలామంది మాలలు, మాదిగలు. వాళ్ళకు గురువుల కొరత గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తరతరాలుగా ఆ కొరతను పూడ్చింది వాళ్ళే.

దీని వెనక తెలుగు క్యాథలిక్కుల రెండు చరిత్రలున్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్ల కాలంలో రెడ్డి, కమ్మ కుటుంబాలు కొన్ని క్రైస్తవం తీసుకున్నాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్ళ క్యాథలిక్ సమాజం ఆ చరిత్రలోనిదే. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి మాలపల్లెలు, మాదిగగూడేలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. మొదటి చరిత్ర వాళ్ళకు భూమి ఉంది, చదువు ఉంది, మిషనరీలతో పాత పరిచయం ఉంది. గురుత్వం చాలాకాలం ఎక్కువగా వాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. రెండో చరిత్ర వాళ్ళకు ఉపదేశి పని దక్కింది. దళితులు గురువులు కాకూడదని చర్చి చట్టంలో ఎక్కడా లేదు. అయితే సెమినరీకి చదువు కావాలి, ఒకప్పుడు లాటిను, తర్వాత ఇంగ్లీషు రావాలి, ఫాదర్ గారి సిఫారసు కావాలి. అన్నిటికీ మించి, సంపాదించే వయసు కొడుకును ఇంటి నుంచి వదులుకోగల స్థోమత కావాలి. తలుపుకు బోర్డు లేకపోయినా లోపలికి ఎవరు వెళ్ళగలరో ముందే తేలిపోయింది.

అందుకే కొత్త పరిచర్యల గురించి మేం అడిగేది ఒకటే: వీటితో పని మారుతోందా, అధికారం మారుతోందా?

1983 నాటి చర్చి చట్టం తెరిచి చూద్దాం. విద్యార్థులు ఈ ఐదు కానన్లు తప్పక చదవాలి. 536వ కానన్ ప్రకారం విచారణలో పాస్టరల్ కౌన్సిల్ ఉండాలా వద్దా అనేది పీఠాధిపతి ఇష్టం. పెట్టినా దానిది సలహా ఓటే. కౌన్సిల్ అంతా ఒకవైపు, ఫాదర్ గారు ఒక్కరూ మరోవైపు ఉంటే ఫాదర్ గారి మాటే చెల్లుతుంది. 537వ కానన్ ప్రకారం ఆర్థిక మండలి మాత్రం ప్రతి విచారణలో తప్పనిసరి. అదైనా సాయం చేయడానికే. చట్టపరమైన వ్యవహారాలన్నిటిలో విచారణ తరఫున నిలబడేది విచారణ గురువే అని 532 చెబుతుంది. ఇక జీతం సంగతి. చర్చిలో ప్రత్యేక సేవ చేసే గృహస్థులకు కుటుంబం గడిచేలా తగిన ప్రతిఫలం, సామాజిక భద్రత, వైద్య సదుపాయం హక్కు అని 231వ కానన్ అంటుంది. దాని ముందున్న 230వ కానన్ మాత్రం, గ్రంథపఠనం, పీఠ సేవ పరిచర్యల్లో నియమించినంత మాత్రాన చర్చి నుంచి పోషణ గానీ ప్రతిఫలం గానీ అడిగే హక్కు రాదని చెబుతుంది. పక్కపక్క కానన్లే! మన ఊళ్ళలో ఆచరణ ఏ కానన్‌కు దగ్గరగా ఉందో ఉపదేశి ఇంటి వంటగదిలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. గౌరవవేతనం పేరుతో చేతికొచ్చేది కూలి రేటుతో కూడా పోటీ పడలేదని మేం కలిసిన ఉపదేశులు చెప్పారు. కొందరు పొద్దున పొలం పనికి పోయి సాయంత్రం జపమాల చెబుతారు.

అధికారం ఇచ్చిన చోట్లు లేకపోలేదు. కాంగోలోని కిన్షాసాలో కార్డినల్ మలూలా 1970లలోనే పెళ్ళైన గృహస్థులకు శిక్షణ ఇచ్చి విచారణ బాధ్యతలు అప్పగించారు. వాళ్ళను ‘బకాంబి’ అంటారు. విచారణను నడిపేది వాళ్ళు, ఫాదర్ ఆధ్యాత్మిక తోడు. జర్మనీలో థియాలజీ చదివిన గృహస్థులు జీతం మీద పూర్తికాల పరిచర్య చేస్తారు, చర్చి పన్ను దానికి డబ్బు ఇస్తుంది. మనకు చర్చి పన్ను లేదు, నిజమే. స్కూళ్ళు, కాలేజీలు, ఆసుపత్రులు, భూములు మాత్రం ఉన్నాయి. వాటి ఆదాయం నుంచి ఉపదేశి పింఛను ఎందుకు రాకూడదో ఎవరైనా లెక్క చూపించి చెప్పాలి.

అంతకంటే పెద్ద చిక్కు ‘గృహస్థులు’ అన్న మాటలోనే ఉంది. అది కులాన్ని కప్పేస్తుంది. రేపు కౌన్సిళ్ళకు నిజంగానే అధికారం వస్తే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? చందా ఎక్కువ రాసేవాళ్ళు, ఫాదర్ గారితో ఇంగ్లీషులో మాట్లాడగలిగేవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు. గురువుల పెత్తనం పోయి కులపెత్తనం వస్తే మనకు ఒరిగేదేమిటి? ఇది ఊహ కాదు, పక్క రాష్ట్రం చూడండి. తమిళనాడులోని ఎరైయూరులో దళిత క్యాథలిక్కులు తమకు వేరే విచారణ కావాలని అడిగిన గొడవ 2008 మార్చిలో వన్నియార్ క్యాథలిక్కుల దాడి దాకా, పోలీసు కాల్పుల్లో ఇద్దరి చావు దాకా వెళ్ళింది. కుంభకోణం మేత్రాసనంలోని కొట్టపాలయంలో పండుగ నిర్వహణ నుంచి, చర్చి వ్యవహారాల నుంచి తమను దూరం పెడుతున్నారని దళితులు కోర్టుకెక్కారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిపై నోటీసులిచ్చింది. ఈ రెండు చోట్లా దళితులను అడ్డుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్నవాళ్ళలో ముందున్నది గృహస్థులే.

పైస్థాయిలో మార్పు రాలేదని అనం. మారంపూడి జోజి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు ఆయన. కర్నూలు జిల్లా బిడ్డ పూల ఆంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. భారతదేశంలో మొదటి దళిత కార్డినల్, మొదటి తెలుగు కార్డినల్ కూడా. ఆ రోజు దళితవాడల్లో పంచిన మిఠాయిని తక్కువ చేయం. ఎర్ర టోపీ ఇచ్చేది రోమ్. విచారణ కౌన్సిల్ ఏర్పాటయ్యేది మాత్రం మన ఊళ్ళో, మన కళ్ళముందు. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం విడుదల చేస్తూ, సంఘంలో కులవివక్ష ఉందని, నాయకత్వంలో దళితుల పాలు చాలా తక్కువని తానే ఒప్పుకుంది. ఆ విధానంలో విచారణ కౌన్సిల్ సభ్యుల కుల లెక్క అడిగే హక్కు మనకు దొరుకుతుంది.

ఒక సంగతి చర్చి పెద్దల చర్చల్లో దాదాపు వినబడదు. అధికారిక పరిచర్య అంటే బహిరంగ నియామకం: పీఠాధిపతి చేతుల మీదుగా, రిజిస్టరులో పేరుతో. ఇతర కులాలవారికి అది గౌరవం. దళితుడికి ప్రమాదం కూడా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితులను ఎస్సీ జాబితా నుంచి బయటపెట్టింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళకు మిగిలింది బీసీ-సీ కింద ఒక శాతం. పుదుచ్చేరి మహిళ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, జ్ఞానస్నానం, చర్చికి వెళ్ళడం వంటి ఆధారాలు చూసి ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరణను సమర్థించింది. గుంటూరు జిల్లాలో కులం పేరుతో దూషించి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంటూ ఆ కేసు కొట్టేసింది. అక్కడ అతనికి ఎదురు తిరిగిన సాక్ష్యం అతని పరిచర్యే. రేపు మన ఉపదేశి చేతికి బిషప్ గారు ఇచ్చే పత్రం, ఎల్లుండి అతని కూతురి ఎస్సీ సర్టిఫికెట్ ఫైలులో కాగితం కాదని ఎవరు హామీ ఇస్తారు? ఈ భయంతో దళితులు వెనక్కి తగ్గితే ఆ స్థానాలు ఎవరితో నిండుతాయో చెప్పనక్కర్లేదు. అందుకే 1950 ఉత్తర్వు మీద పోరాటం, విచారణలో ఓటు కోసం పోరాటం వేరు వేరు కావు. మొదటిదానికి ఊరేగింపులో నడిచే ఫాదర్లు రెండోదాని ఊసెత్తగానే మౌనం వహించడం మనం చూస్తూనే ఉన్నాం.

మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. దళిత ప్రాతినిధ్యం అని అడిగి మాల, మాదిగల్లో ఒకరే కుర్చీలు నింపుకుంటే అడిగే నైతిక బలం పోతుంది. ఆడవాళ్ళ సంగతీ అంతే. వాడల్లో ప్రార్థన కూటాలు నడిపేది ఎక్కువగా వాళ్ళే, కౌన్సిల్ ఫొటోలో మాత్రం వెనక వరస.

సినడ్ తుది పత్రం రెండు మాటలు గట్టిగా చెప్పింది. భాగస్వామ్య మండళ్ళు తప్పనిసరి కావాలి. ‘సలహా ఓటు మాత్రమే’ అన్న చట్టం భాషను తిరిగి చూడాలి. దాని అమలుపై 2027 మొదటి సగంలో మేత్రాసనాల్లో సమీక్ష సభలు జరగాలి, 2028 అక్టోబరులో వాటికన్‌లో పెద్ద సభ. మేత్రాసన సభకు ప్రతినిధుల జాబితా ఇప్పటి నుంచే తయారవుతుంది. మీ విచారణలో కౌన్సిల్ ఉందా, అందులో మాలలెందరు, మాదిగలెందరు, ఆడవాళ్ళెందరు, ఆర్థిక మండలి లెక్కలు ఆదివారం గుడిలో చదువుతున్నారా, ఉపదేశికి నెలకు ఎంత ఇస్తున్నారు, పింఛను ఉందా? ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతే ఆ సభ ముందు పెట్టండి.