చదవలేని ప్రకటన ఎవరి కోసం?

పాఠశాలల ప్రవేశ ప్రకటనలు, ఉపకార వేతనాల గడువులు నేడు వెబ్‌సైట్లలోనే వెలువడుతున్నాయి. సంతోషమే. అయితే ప్రకటనను టైపు చేసి, అచ్చుతీసి, సంతకమూ ముద్రా వేయించి, మళ్లీ స్కాన్ చేసి పెట్టే అలవాటు మన కార్యాలయాలను వదలలేదు. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు ఆ ముద్రపై మమకారం తెలియనిది కాదు. కానీ తెరపై అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు స్కాన్ చేసిన కాగితం ఒక బొమ్మ మాత్రమే. చూపులేని విద్యార్థికి అక్కడ ఏమీ వినిపించదు. ఇక ఉర్దూ సంగతి మరీ అన్యాయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది రెండో అధికార భాష. అయినా ఉర్దూ ప్రకటన ఉంటే అది తరచూ బొమ్మరూపంలోనే ఉంటుంది. యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని కూడా పక్కన ఉంచితే చాలు కదా!

ఇది దయాధర్మం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని బాధ్యతగా నిర్దేశించింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టం చేసింది. రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చిన హక్కుతో నడుస్తున్న మన విద్యాసంస్థలు ఇందుకు మినహాయింపు కావు. ప్రభుత్వాన్ని నిలదీసే మనం ముందుగా మన గడప చూసుకోవాలి. వచ్చే ప్రవేశాల లోపు ప్రతి యాజమాన్య కమిటీ తన వెబ్‌సైట్‌ను చూపులేని ఒకరిచేత పరీక్షింపజేయాలని కోరుతున్నాం.