తాటితోపులో ఒక పూట

కిందటి వేసవి సెలవులకు మా అమ్మాయి, అల్లుడు మనవణ్ణి వెంటబెట్టుకుని నెల్లూరు వచ్చారు. వచ్చీ రాగానే ఫోను తీసి ఫోటోలు చూపించడం మొదలుపెట్టారు. అంతకు ముందే ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతమంతా కారులో తిరిగారట. ఎటు చూసినా ద్రాక్షతోటలే. దువ్వెనతో దువ్వినట్టు వరసలు. సెయింట్ ఎమిలియన్ అనే పాత ఊళ్లో సున్నపురాయి తొలిచిన నేలమాళిగల్లోకి తీసుకెళ్లి వైను పీపాలు చూపించారట. పెద్దవాళ్లకు తలో గుక్కెడు వైను, పిలకాయలకు ద్రాక్షరసం.

"తాతయ్యా! అక్కడ మట్టిని బట్టి రుచి మారుతుందంట. మట్టికీ, ఎండకీ, గాలికీ అన్నిటికీ కలిపి ఒకటే పేరు... టెర్వార్" అన్నాడు తొమ్మిదేళ్ల మనవడు. అంతటితో ఊరుకున్నాడా? "మరి మన ఊళ్లో ఏం చేస్తారు?" అని అడిగాడు.

మర్నాడు తెల్లవారకముందే అందరినీ లేపి మైపాడు రోడ్డు పట్టించాను. ఇందుకూరుపేట దాటి సముద్రం దగ్గరపడేకొద్దీ నేల ఇసకబారుతుంది. ఆ ఇసకలోనే తాటిచెట్లు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన గీత కార్మికుడొకాయన అక్కడున్నాడు. అరవై దాటినా ఇంకా చెట్టెక్కుతున్నాడు. మోకు బిగించి, నడుముకు కత్తి చెక్కుకుని, మనం మేడమెట్లు ఎక్కినంత సులువుగా ఎక్కేశాడు. మావాడు నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

సున్నం పూసిన లొట్టిలోంచి నీరా వంచి ఇచ్చాడు. తియ్యగా, చల్లగా ఉంది. సున్నం ఉంటే రసం త్వరగా పులవదు. సున్నం లేని లొట్టిలో రసం గెల నుంచి కారుతూనే పులవడం మొదలుపెడుతుంది. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టే ఆ పని చేస్తుంది. ఫ్రాన్స్‌లో ద్రాక్షరసం వైను అయ్యేదీ ఈస్టుతోనే. "అంటే రెండూ చుట్టాలే!" అన్నాడు అల్లుడు. ఆయన ముందు నాకొక గ్లాసు కల్లు పొయ్యబోతే, మొహమాటపడి వద్దన్నాను. తర్వాత విచారించాను, అది వేరే సంగతి.

చుట్టాలే గాని, రాతలు వేరు. వైను ఏళ్ల తరబడి నిలవుంటుంది. ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికే పుల్లబడిపోతుంది. తోపు దాటి ఎక్కువ దూరం పోలేదు. నిలవుండే తాటిబెల్లం ఉందనుకోండి, దాన్ని కాచేవాళ్లే తక్కువైపోయారు.

ఇంకో తేడా కూడా ఉంది. 1855లో పారిస్‌లో జరిగిన ప్రదర్శన కోసం, మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో వర్తకులు అక్కడి తోటలకు తరగతులు కట్టి జాబితా రాశారు. ఆ జాబితా ఈనాటికీ పెద్దగా మారలేదు. కొన్నేళ్లకే అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే పురుగొచ్చి ఫ్రాన్స్ ద్రాక్షతోటల వేళ్లు తినేసింది. అమెరికా తీగ వేరుకే తమ తీగను అంటుకట్టి తోటల్ని నిలబెట్టుకున్నారు. 1935లో ఏ నేల పేరు ఏ వైనుకు పెట్టుకోవచ్చో చట్టమే చేశారు. నేలను నమ్ముకోవడంతో సరిపెట్టలేదు, కాగితం మీద కూడా కాపాడుకున్నారు.

మన తీరం కథ ఇంకోలా నడిచింది. 1990ల మొదట్లో రొయ్యల మోజు నెల్లూరు తీరాన్ని ఊపేసింది. వరిమళ్లు, బీళ్లు గుంటలయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఎన్నో కుటుంబాల్ని అప్పుల్లో ముంచింది. 2009 తర్వాత వనామి రకం వచ్చాక గుంటలు మళ్లీ నిండాయి. రొయ్య అన్నం పెట్టలేదని అనను, చాలా ఇళ్లలో పిల్లల చదువులు దానివే. తాటిచెట్టు మాత్రం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. గట్టుకు అడ్డమైతే కొట్టేశారు. ఇటుకబట్టీకి పుల్ల కావాలన్నా కొట్టేశారు.

"నీ తర్వాత ఎవరెక్కుతారు తాతా?" అని అడిగాడు మనవడు. ఆయన నవ్వాడు. "మావాడు కృష్ణపట్నం పోర్టుకు పోతన్నాడు నాయనా. వాడికి నేనే వద్దన్నా. రోజుకు రెండు మూడుసార్లు ఎక్కి గెల చెక్కాల. కాలు జారితే అంతే" అన్నాడు. పక్కనే ఉన్న మాకెవరికీ మాట రాలేదు. ఆయన కొడుకును చెట్టెక్కమనే హక్కు, కారులో వచ్చి నీరా తాగిపోయే మనకేముంది?

ఆ తర్వాత ముంజలు కొట్టించుకుని తిన్నాం. ముంజలు పెంటితాటికే కాస్తాయని, పోతుతాటికి కాయవని మా అమ్మాయికి కూడా అప్పుడే తెలిసింది. తిన్నాక రెండు బుర్రలకు పుల్ల గుచ్చి ముంజకాయల బండి కట్టిచ్చాను. వాడు దాన్ని ఇసకలో సముద్రం దాకా నెట్టుకుపోయాడు. వైను పీపాల ఫోటోలు మళ్లీ ఎవరూ తియ్యలేదు.

బయల్దేరేటప్పుడు డబ్బులిస్తే, "నీరాకు చాలన్నా, ముంజలు పిలకాయలకి" అంటూ సగం వెనక్కి ఇచ్చేశాడు.

భాద్రపదంలో నేనొక్కణ్ణే మళ్లీ వెళ్లి, రాలిన తాటిపండ్లు నాలుగు తెచ్చాను. గుజ్జు తీసి టెంకలు మా చేలో గట్టున పాతాను. ద్రాక్షతీగ మూడో ఏటికే కాస్తుంది. తాటిచెట్టుకు పదిహేనేళ్లయినా పట్టొచ్చు.

మనవడు ఆదివారమాదివారం ఫోన్లో అడుగుతుంటాడు, "మొలిచిందా తాతయ్యా?" అని. తాటిటెంక ముందు లోపలికి దిగుతుంది నాయనా, పైకి ఆకు కనబడటానికి నెలలు పడుతుంది అని చెబుతుంటాను.