స్త్రీవేషం చెప్పే పాఠం

కూచిపూడి భాగవత మేళాల్లో తరతరాలుగా మగవారే స్త్రీ పాత్రలు ధరించారు. వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో సత్యభామగా పేరొంది 1970లో పద్మశ్రీ అందుకున్నారు. నాటకరంగంలో సత్యభామ, చిత్రాంగి పాత్రలతో మెప్పించిన స్థానం నరసింహారావుకు 1956లోనే ఆ గౌరవం దక్కింది. ఈ వేషానికి జడ, నగలు చాలవు. అలక, విరహం, సిగ్గు నటుడి మనసులో పుట్టి చూపులో పలకాలి. గంటల తరబడి ఆడేందుకు ఒంట్లో సత్తువ, గొంతులో బలమూ ఉండాలి. ఆ మార్దవం, ఈ బలం రెండూ కలిసినప్పుడే ఆ కళ పండింది. రంగస్థలంపై చూసి చప్పట్లు కొట్టిన మార్దవాన్నే ఇంట్లో మగపిల్లల్లో చూసి వెక్కిరించడం అన్యాయం. కంటతడి పెట్టడం, లాలించడం, సేవ చేయడం మగవాడికీ సహజ గుణాలే. వాటిని పెద్దలు అణచివేయకూడదు.