లెక్క చూపండి, లేదా ప్రెజర్ తగ్గించండి

2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు పగిలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. టీ కొట్లో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. తెల్లారితే ఎవరైనా పొయ్యి వెలిగిస్తారు. తడి లేని గ్యాస్ వెళ్లాల్సిన పైపులో నీళ్లు కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. తుప్పు తిన్న గోడ ఎంత ప్రెజర్‌కి ఆగుతుందో ఆ ముందురోజు ఎవరు లెక్క చూశారు? ఈ ఉద్యమం ఆ ప్రశ్నతో మొదలవుతోంది.

మేం గ్యాస్ వద్దనడం లేదు. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద మన పొలాల్లో పైపు వేసుకునే హక్కు తీసుకున్నారు. భూమి మనదే అయినా ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇన్ని షరతులు మోస్తున్నవాళ్లకి పైపు ఎంత ప్రెజర్‌తో నడుస్తోందో అడిగే హక్కు లేదా?

ప్రతి పైపుకీ ఇంతకు మించి నడపకూడదన్న ప్రెజర్ ఒకటుంటుంది. పైపు వ్యాసం, గోడ మందం, ఉక్కు రకం, అతుకులు చూసి దాన్ని లెక్క కడతారు. మనుషులు పెద్దగా లేని బయలులో ఉక్కు సాగడం మొదలయ్యే హద్దులో 72 శాతం దాకా వాడుకోవచ్చు. ఇళ్లు పెరిగేకొద్దీ అది 60, 50, చివరికి 40 శాతానికి దిగాలి. పైపు వేసిననాడు చుట్టూ తోటలు. ఇవాళ ఆ పట్టీ పక్కనే కాలనీ, స్కూలు, కల్యాణమండపం. లెక్క ఇంకా తోటలనాటిదే అయితే?

కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనో సంగతి చూడండి. 2010 సెప్టెంబర్ 9న అక్కడ పీజీ అండ్ ఈ కంపెనీ పైపు పేలి 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు బూడిదయ్యాయి. 1956లో వేసిన ఆ పైపుకి అతుకే లేదని రికార్డులో ఉంది. తీరా చూస్తే లోపలి వైపు వెల్డింగ్ చేయకుండా వదిలేసిన పొట్టి ముక్కలు బయటపడ్డాయి. అనుమతించిన ప్రెజర్ 400 పీఎస్ఐ, పగిలేటప్పుడు ఉన్నది 386. హద్దు ఎవరూ దాటలేదు, హద్దే తప్పు! ఆ తర్వాత కంపెనీ పాత కాగితాల పెట్టెలన్నీ కౌ పాలెస్ అనే పెద్ద స్టేడియానికి తోలి, మనుషుల్ని పెట్టి వెతికించింది. పాత పైపుల ప్రెజర్‌ని మళ్లీ నిర్ధారించాలని అమెరికా 2019లో నిబంధన తెచ్చింది. గడువు మాత్రం 2035 దాకా ఇచ్చింది. అంత ఉదారత మాకు లేదు.

మా డిమాండ్ ఇది. ప్రతి పైపు ముక్కకీ మిల్లు సర్టిఫికెట్, వెల్డింగ్ ఎక్స్‌రే, నీటి పరీక్ష రికార్డు చూపాలి. నీటి పరీక్షలో పైపునిండా నీళ్లు నింపి, నడిపే ప్రెజర్ కంటే ఎక్కువ ఎక్కించి, గంటల తరబడి పట్టి ఉంచుతారు. పగిలినా నిప్పు పుట్టదు, ఆ చోట మడుగు కడుతుంది, అంతే. కాగితం లేకపోతే ఆ పరీక్ష మళ్లీ చేయాలి. చేసేదాకా ప్రెజర్ ఐదో వంతు తగ్గించాలి. గ్యాస్ తోపుతో పైపు లోపల నడుస్తూ గోడ మందం కొలిచే ‘పిగ్’ ఎప్పుడు పంపారో, ఏ ఊరి దగ్గర ఎంత తుప్పు కనిపించిందో గ్రామసభకి తెలుగులో చెప్పాలి. ఉప్పునేల, కాలవలు ఉన్న కోనసీమకి ఇది మరీ ముఖ్యం. గాడిమొగలో మొదలై తెలంగాణ మీదుగా భరూచ్ వెళ్లే పైపు పక్క ఊళ్లకీ ఇదే వర్తిస్తుంది.

మా పనీ చెబుతాం. ముందుగా ప్రతి ఊళ్లో మార్కర్ రాళ్ల వెంబడి నడిచి, పైపుకి ఇరువైపులా ఉన్న ఇళ్లు, బడులు, గుళ్లు పటం మీద గుర్తిస్తాం. ఆ పటం జతచేసి ప్రభుత్వ సంస్థలకి సమాచార హక్కు దరఖాస్తు పెడతాం. ప్రైవేటు పైపుల సంగతి పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు (పీఎన్‌జీఆర్‌బీ)ని అడుగుతాం. పైపు కాంట్రాక్టర్ల దగ్గర రూపాయి చందా తీసుకోం. నష్టపరిహారం బేరాలు మాట్లాడేవాళ్లకి ఇందులో సభ్యత్వం లేదు.