శుద్ధి చేస్తే విషం పోతుందా?

ఈమధ్య ఒక సభలో ఓ వక్త ధీమాగా చెప్పాడు: "హరిదళం విషమే. మన రుషుల పద్ధతిలో శుద్ధి చేస్తే అదే అమృతం." జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

హరిదళం అంటే తాళకం. బంగారు రంగులో రేకులు రేకులుగా ఊడివచ్చే రాయి. ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. పాతకాలపు చిత్రకారులు పసుపు రంగుగా వాడారు. పురుగు పట్టకుండా కాగితపు రాతప్రతులకు పూశారు. పురుగును చంపేదని తెలిసీ మనిషి చేత తినిపించారు!

బట్టలో మూటగట్టి బూడిదగుమ్మడి రసంలో, సున్నపు తేటలో ఉడికించడమే శుద్ధి. ఆర్సెనిక్ మూలకం. ఏ రసంలో ఉడికించినా అది మరొకటి కాదు. పైగా భస్మం చేయడానికి గాలి తగిలేలా కాలిస్తే తయారయ్యేది ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, అంటే తెల్ల పాషాణం. నీళ్లలో దాదాపు కరగని హరిదళం కన్నా అది ఒంటికి తేలిగ్గా ఎక్కుతుంది.

మా మేనత్తకు ఉబ్బసం. ఊళ్లో వైద్యుడు తాళక భస్మం తేనెలో రంగరించి నాకమన్నాడు. ఏళ్ల తరబడి నాకింది. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి ఆనెలు లేచాయి. వీపంతా నల్లబడి, మధ్యమధ్య తెల్లటి చుక్కలు, దుమ్ములో చినుకులు పడ్డట్టు. వేళ్లు తిమ్మిరెక్కి రవిక హుక్కులు పెట్టుకోలేకపోయేది. వైద్యుడేమన్నాడు? "పత్యం తప్పావమ్మా." ఆమె నమ్మింది. చింతపండు మానేసింది, వంకాయ మానేసింది, చివరికి చారన్నం కూడా భయపడుతూ తినేది. "నోరు కట్టుకోలేకపోయానురా, నా ఖర్మ" అని నాతోనే అనేది. మందు చేసిన పాపాన్ని రోగి నెత్తిన రుద్దడం ఎంత దుర్మార్గం! ఒంటిని పాడుచేసింది చాలక ఆమెనే దోషిని చేశారు.

"ఇంగ్లీషు వైద్యంలోనూ ఆర్సెనిక్ వాడతారుగా?" అంటారు. వాడతారు, ఒక రకం రక్త క్యాన్సర్‌కు. మిల్లీగ్రాముల్లో కొలిచి, గుండెకు ఈసీజీ తీస్తూ ఇస్తారు. ఆ వైద్యమే 1786 నాటి ఫౌలర్ ద్రావణమనే ఆర్సెనిక్ మందును వందేళ్లకు పైగా అన్ని జబ్బులకూ తాగించింది. చర్మ క్యాన్సర్లు బయటపడ్డాక క్రమంగా వదిలేసింది. తాళకాన్ని వదలమంటే మాత్రం మనవాళ్లకు సంస్కృతి గుర్తొస్తుంది.

మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఇ(1) విషాల జాబితాలో హరిదళం ఉంది. అది కలిసిన మందు మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ముద్రించాలి. కాగితంలో మడిచిచ్చే పొట్లం మీద ఎవరు ముద్రిస్తారు? మీ ఇంట్లో అలాంటి పొట్లం ఉంటే వాడకం ఆపి, దాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఆర్సెనిక్ చేరిందేమో పరీక్ష చేయమని అడగండి.